తక్కువ అద్దె ఇళ్లు చూపించే యాప్: మూడు నెలల వాడకం తర్వాత నా అభిప్రాయం

తక్కువ ఆదాయం ఉన్నవారికి నగరంలో అద్దె ఫ్లాట్లు చూపించే ఒక యాప్‌ను మూడు నెలలు వాడి, చివరికి దాని ద్వారానే ఇల్లు కుదుర్చుకున్నాను. ఇంకా వెతుకుతున్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ యాప్ ముందుగా అడిగేది ఏ ప్రాంతం, ఎన్ని గదులు అని కాదు. నెల ఆదాయం ఎంత, ఇంట్లో ఎందరు అని అడిగి, ఆదాయంలో 30 శాతం లోపు అద్దె ఉన్న ఇళ్లనే చూపిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవారి అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో పెట్టిన పరిమితిని 1981లో 30కి పెంచారు. ఇప్పుడు చాలాచోట్ల భరించదగిన అద్దెకు ఆ 30 శాతాన్నే కొలమానంగా తీసుకుంటున్నారు. చేతికొచ్చేదే తక్కువైన ఇంట్లో అద్దె పోగా మిగిలినదానితో తిండి, మందులు, ఫీజులు గడవడం కష్టం కనుక నేను పరిమితిని 25కి తగ్గించి వెతికాను. అలా తగ్గించుకునే వీలు ఉండటమే ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది.

అయితే అది లెక్కించేది అద్దె ఒక్కటే. మెయింటెనెన్సు, కరెంటు, పనికి వెళ్లివచ్చే ఖర్చు అందులో కలవవు. పరిమితిలోకి వచ్చిన ఒక ఇంటి నుంచి పనికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. ఆ చార్జీలు కలిపి చూస్తే, అద్దె ఎక్కువని నేను వదిలేసిన దగ్గరి ఇల్లే చవక అని తేలింది.

ఫొటోలను మాత్రం నమ్మవద్దు. కొత్తగా రంగు వేసినట్టు కనిపించిన ఒక గదిలో బీరువా వెనక గోడ నడుము ఎత్తు వరకు చెమ్మ పట్టి ఉంది, వేలు పెడితే సున్నం పొడిలా రాలింది. అందరూ నీళ్లు వాడుకునే ఉదయం వేళ స్వయంగా వెళ్లి, కుళాయి తిప్పి చూడడం మంచిది.

సబ్సిడీ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో మన స్థానం ఎంతో, ఆదాయ పత్రాలు మళ్లీ ఎప్పుడు ఇవ్వాలో ఈ యాప్ గుర్తుచేస్తుంది. ఇది చిన్న సాయం కాదు, ఎందుకంటే చిరునామా మారిన సంగతి తెలపకపోవడం వల్ల, వచ్చిన ఉత్తరానికి జవాబివ్వకపోవడం వల్ల ఏళ్ల తరబడి ఎదురుచూసినవారి పేర్లు కూడా జాబితాలోంచి పోతుంటాయి.

ఇల్లు చూపించకముందే అడ్వాన్సు పంపమన్న ఒక ప్రకటనపై నేను ఫిర్యాదు చేస్తే, దాన్ని తొలగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆలోగా ఎందరు డబ్బు పంపి ఉంటారోనన్న దిగులు నాకింకా పోలేదు.