పదకొండు నెలల అగ్రిమెంటా, రిజిస్టర్డ్ లీజా: విశాఖలో ఏది మేలు?

ఇళ్లు మారే వేసవిలో తెలిసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే. ఈమధ్య ఎంవీపీ కాలనీలో వాటా తీసుకునేటప్పుడు నేనూ తేల్చుకోవాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కే మొగ్గాను.

స్టాంపు పేపర్ మీద పదకొండు నెలలకు రాసుకోవడం సులువే. నోటరీ దగ్గర పని ఇట్టే అయిపోతుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఈ అలవాటు దేశమంతా పాకింది. మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. గడువు ఎంతైనా సరే, లీజు పత్రం రిజిస్టర్ కావాల్సిందే. కాకపోతే, రేపు గొడవ కోర్టుకెక్కినప్పుడు అందులో రాసుకున్న షరతులకు ఆ కాగితం సాక్ష్యంగా నిలవడం కష్టం.

షరతులు నిలవాలని ఇంత పట్టుపట్టడం ఎందుకంటే, అడ్వాన్స్ కోసం. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్ తుప్పు పడతాయి, బాల్కనీ గోడ పెచ్చులూడుతుంది. ఖాళీ చేసే రోజు అదంతా అద్దెకున్నవాళ్ల ఖాతాలో పడుతుంది. పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె పట్టుకుంటారు. ఇది అన్యాయం. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు, పైపులు, వైరింగ్ ఓనర్ బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేరు, తాళాలు అద్దెదారువి. నివాసానికైతే అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు. అది నమూనా మాత్రమే, నేరుగా ఇక్కడ అమలు కాదు. 1960 నాటి పాత చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లోనే సొంత చట్టం చేసుకుంది. అయినా ఆ పనుల జాబితాను మీ లీజులో రాయించుకోవడానికి అడ్డేమీ లేదు. చేరే రోజే గ్రిల్స్, గోడల ఫొటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.

ఓనర్ల భయమూ అర్థం చేసుకోదగ్గదే. రిజిస్టర్ చేస్తే మనిషి కదలడేమో, అద్దె ఆదాయం లెక్కల్లోకి వస్తుందేమో అని టెన్షన్. కానీ గడువు, అద్దె పెంపు, ఖాళీ చేయాల్సిన తేదీ రిజిస్టర్డ్ పత్రంలో ఉంటే ఆ బలం ముందు ఓనర్‌కే. పన్ను సంగతికొస్తే, మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు ఉండనే ఉంది.

నోటిమాట ఒప్పందం బంధువుల మధ్య తప్ప వద్దు. ముంబైలో నడిచే లీవ్ అండ్ లైసెన్స్ పద్ధతి (లీజు హక్కు ఇవ్వకుండా, ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) ఇక్కడ అంత వాడుకలో లేదు.

ఋషికొండ ఐటీ ఆఫీసుల్లో నాలుగైదు నెలల ప్రాజెక్టు మీద వచ్చినవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ అనుకోవచ్చు. వాళ్లు అడ్వాన్స్ ఒక నెలకు మించకుండా మాట్లాడుకుని, బ్యాంకు ద్వారానే కట్టాలి. పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్చిన కుటుంబాలైతే స్టాంపు డ్యూటీ చెరిసగం పెట్టుకుందామని ఓనర్‌ని అడగండి. మా ఓనర్ గారు ఆ మాటకే ఒప్పుకున్నారు.