పల్లెకు బ్యాంకు: ఏజెంటు మేలా, యాప్ మేలా?

బ్యాంకు శాఖ లేని పల్లెకు సేవలు చేర్చే దారులు ముఖ్యంగా రెండు. బ్యాంకు తరఫున డబ్బు తీసుకునే, ఇచ్చే ఏజెంటును ఊళ్లోనే పెట్టడం, లేదంటే అందరి ఫోన్లలో యాప్ పెట్టించడం.

ఖర్చు చూస్తే యాప్‌దే పైచేయి. ఒకసారి తయారయ్యాక ఇంకో వెయ్యిమంది చేరినా బ్యాంకుకు పెద్ద భారం కాదు. అర్ధరాత్రయినా డబ్బు పంపుకోవచ్చు. కాకపోతే స్మార్ట్‌ఫోన్ ఉండాలి, సిగ్నల్ ఉండాలి, తెరమీద ఉన్నది చదవగలగాలి. యాప్‌లో లోడింగ్ చక్రం తిరిగీ తిరిగీ ఆగిపోతే, డబ్బు వెళ్లిందో లేదో తెలియక పడే టెన్షన్ చిన్నది కాదు.

ఏజెంటు దగ్గర ఆ బాధ తక్కువ. వేలిముద్రతో పనిచేసే చోట సంతకం కూడా అక్కర్లేదు. అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. అయితే పొలం పనులతో అరిగిన వేళ్లను మెషిన్ ఒక్కోసారి గుర్తుపట్టదు. తుడిచి, తడిపి, ఇంకో వేలు పెట్టి చూడాలి. అందరికీ ఒకేసారి డబ్బు పడిన రోజున ఏజెంటు దగ్గర నగదు మధ్యాహ్నానికే అయిపోవచ్చు. రసీదు ఇవ్వకుండా పంపేసేవాళ్లూ ఉంటారు, అది వేరే కథ.

నన్నడిగితే ముందు ఏజెంటే. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా అనే, ఫోన్‌తో డబ్బు పంపుకునే సేవ ఇంటర్నెట్ అక్కర్లేకుండా మామూలు ఫోన్లలోనే నడిచింది. అక్కడ కూడా నోట్లు తీసుకుని ఖాతాలో వేయడానికి, అడిగినప్పుడు తిరిగి నోట్లివ్వడానికి ఊరూరా ఏజెంట్లు కావాల్సి వచ్చింది. కూలి నోట్లలో అందే ఊళ్లో యాప్ ఎంత బాగున్నా, ఆ నోట్లను అందులోకి ఎక్కించేవాళ్లు ఎవరో ఒకరు ఉండాల్సిందే.