చైనా గిరాకీ, అమెరికా సుంకం: గుంటూరు నుంచి చూస్తే

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం మిర్చి టిక్కీ (బస్తా) విప్పి, గుప్పెడు కాయలు తీసి రంగు చూసే వ్యాపారి ఆరా తీసేది చైనా ఆర్డర్ల గురించే. 2020లో గల్వాన్ ఘర్షణ తరువాత కూడా ఆ కొనుగోళ్లు ఆగలేదు. అమెరికా మనకు వ్యూహాత్మక భాగస్వామి, అయినా రష్యా చమురు కొంటున్నామంటూ 2025 ఆగస్టు 27 నుంచి సుంకాన్ని 50 శాతానికి పెంచి, కోస్తా రొయ్యల రైతును దెబ్బతీసింది.

దీన్నిబట్టి చైనాయే నమ్మదగిన కొనుగోలుదారు అనిపించవచ్చు. అయితే అమెరికా తన కారణాన్ని బాహాటంగా చెప్పింది, కనుక చర్చకు చోటుంది. చైనా తీరు వేరు: 2020లో ఆస్ట్రేలియా కోవిడ్ మూలాలపై విచారణ కోరిన కొద్ది వారాలకే దాని బార్లీపై 80 శాతానికి పైగా సుంకం వేసి, కారణంగా డంపింగ్‌ను (మరీ తక్కువ ధరకు సరుకు పంపడాన్ని), సబ్సిడీలను చూపింది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న మిర్చి రైతుకు అసలు కారణం బయటపెట్టని ఈ రెండో తీరే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం.