కుక్కతో స్కేటింగ్: తాడు చేతిలో పట్టుకోవాలా, నడుముకి కట్టుకోవాలా?

విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. ఆ సమయంలో మా చింటూతో స్కేటింగ్ చేస్తుంటే ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉంటారు, "మా కుక్కతో కూడా చెయ్యొచ్చా? ఏ స్కేట్స్ కొనమంటారు?" అని. నన్నడిగితే స్కేట్స్ సంగతి తర్వాత. మీకూ కుక్కకీ మధ్య ఏం ఉండాలన్నది ముందు తేల్చుకోవాలి. ఆ మాట నాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

చింటూ సగం లాబ్రడార్, సగం మన ఊరకుక్క. నాలుగేళ్లు, 26 కిలోలు. మొదటి నెలలో వాడి మెడకి మామూలు పట్టీ ఉండేది, దానికో నైలాన్ తాడు. తాడు కొస నా కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకునేదాన్ని. నడకకి అలాగే వెళ్లేవాళ్లం కాబట్టి చక్రాల మీద కూడా అది చాలనుకున్నాను. ఒకరోజు పార్క్ హోటల్ దాటబోతుండగా జాలరిపేట వైపు నుంచి ఒకావిడ నెత్తిన చేపల గంపతో ఎదురొచ్చింది. చింటూ ముక్కు పైకెత్తాడు. నా కుడిపక్కన నేరుగా పరుగెడుతున్నవాడు ఒక్కసారిగా ఎడమకి, నా ముందు నుంచి అడ్డంగా తిరిగాడు. నా కాళ్లు ముందుకి పోతున్నాయి, చెయ్యి పక్కకి పోతోంది. వదిలేద్దామంటే తాడు మణికట్టుకి బిగుసుకుపోయింది. మోకాలి మీద పడి, అరచేతి మీద రెండడుగులు జారాను. తోలు లేచిపోయి అందులో ఇసుక కూరుకుంది. ఆవిడ గంప దించి, "అయ్యో తల్లీ, దెబ్బ తగిలిందేటి?" అంటూ తన నీళ్ల సీసా తీసిచ్చింది. చింటూకి మెడ నొక్కుకుపోయింది. చాలాసేపు దగ్గుతూనే ఉన్నాడు. నా చెయ్యి పది రోజుల్లో మానింది. ఆ దగ్గు మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మెడపట్టీనా, హార్నెసా (ఛాతీ చుట్టూ, వీపు మీదుగా తొడిగే పట్టీలు) అంటే నేను రెండో ఆలోచన లేకుండా హార్నెసే అంటాను. మనం నడిచేది గంటకి 5 కిలోమీటర్ల వేగంతో. స్కేట్స్ మీద 15 సులువుగా వస్తుంది. వేగం మూడింతలైతే ఆగేటప్పుడు తట్టుకోవాల్సిన శక్తి తొమ్మిదింతలు. మెడపట్టీ ఉంటే ఆ కుదుపంతా కుక్క గొంతు మీద, శ్వాసనాళం మీద పడుతుంది. హార్నెస్ అయితే రొమ్ము ఎముక మీదకి, పక్కటెముకల మీదకి పంచుకుంటుంది. హార్నెసుల్లో కూడా తేడా ఉంది. తాడు ఛాతీ దగ్గర తగిలించేవి నడకలో లాగే కుక్కని అదుపు చెయ్యడానికి బాగుంటాయి. పరుగులో అవి కుక్క ఒంటిని పక్కకి తిప్పేస్తాయి, తాడు ముందుకాళ్లకి చుట్టుకుంటుంది. మనకి కావలసింది వీపు మీద తగిలించేది, ముందు నుంచి చూస్తే ఇంగ్లిష్ 'వై' అక్షరంలా ఉండి భుజాలు ఆడనిచ్చేది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మొదటి వారం రోజూ ముందుకాళ్ల చంకలు చూడండి, ఒరుసుకుని ఎర్రబడేది అక్కడే. మూతికి తొడిగే హెడ్ హాల్టర్ మాత్రం చక్రాల మీద వద్దేవద్దు. ఆ వేగంలో ఒక్క గుంజుకి మెడ తిరిగిపోతుంది. బటన్ నొక్కితే సాగే సన్న తాడు కూడా వద్దు. అది కాలి చుట్టూ పడితే తోలు కోసుకుపోతుంది.

అసలు చిక్కంతా తాడు చేతిలోనా నడుముకా అన్న దగ్గరే. చేతిలో ఉంటే ప్రమాదం వచ్చిన క్షణంలో వేళ్లు తెరిస్తే చాలు. కానీ కుక్క లాగినప్పుడు ఆ బలం భుజం మీద పడి నడుము పైభాగాన్ని మెలితిప్పుతుంది. పడేటప్పుడు కాచుకోవడానికి ఒక చెయ్యే మిగులుతుంది. నడుముకి బెల్ట్ కట్టుకుంటే లాగుడు తుంటి దగ్గర, మన బరువు నిలిచే చోటే పడుతుంది. రెండు చేతులూ ఖాళీ. తాడులో కొంత భాగం సాగే రకమైతే కుదుపు ఇద్దరికీ తగ్గుతుంది. కుక్కతో పరుగెత్తే పోటీల్లో అందరూ బెల్టే వాడతారు. మరి దాని లోపమల్లా వదిలించుకోవడం. లాగితే ఊడిపోయే క్విక్ రిలీజ్ కొక్కెం లేని బెల్ట్ కట్టుకున్నామంటే 26 కిలోల జంతువుకి మనల్ని మనం ముడేసుకున్నట్టే. కొక్కెం ఉన్నా, కంగారులో చెయ్యి దాని మీదకి పోవాలంటే అలవాటు కావాలి.

అందుకే కొత్తవాళ్లకి మొదటి రెండు మూడు నెలలు చేతిలోనే మేలని చెప్తాను. మణికట్టుకి చుట్టకండి, బొటనవేలికి తగిలించకండి, మడతపెట్టి గుప్పిట్లో పట్టుకోండి. "ఆగు" అనగానే ప్రతిసారీ ఆగే కుక్క తయారయ్యాక, అప్పుడు బెల్టుకి మారండి. నేను మారే ముందు హాల్లో నిలబడి కళ్లు మూసుకుని కొక్కెం లాగడం రోజుకి ఇరవైసార్లు చేశాను. ఇప్పుడు బెల్టే వాడుతున్నాను. పిల్లలకి మాత్రం రెండూ వద్దు. 35 కిలోల పిల్లాడి చేతికి 26 కిలోల కుక్కనిచ్చి చక్రాల మీద నిలబెట్టడం ఎవరూ చెయ్యకూడని పని.

"తాడు వదిలేస్తే కుక్క రోడ్డు మీదకి పోదా?" అని అడుగుతారు. పోతుంది. అందుకే వదిలినా కొంప మునగని చోటే స్కేటింగ్ చెయ్యాలి. బళ్లు తిరిగే రోడ్డు, సర్వీస్ రోడ్డు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలు ఇవేవీ పనికిరావు.

ఇక స్కేట్స్. క్వాడ్స్ అంటే రెండు వరసల్లో నాలుగు చక్రాలవి, ఇన్‌లైన్ అంటే ఒకే వరస. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ క్వాడ్స్‌కి ఇప్పుడున్న రూపం ఇచ్చాడు. అవి నున్నటి గచ్చు మీద ఒయ్యారంగా మలుపులు తిరగడానికి బాగా కుదిరాయి. ఇన్‌లైన్ ఇప్పటి రూపంలో ప్రచారంలోకి వచ్చింది 1980 తర్వాత, అమెరికాలోని మినియాపోలిస్‌లో ఓల్సన్ సోదరుల చలవ వల్ల. వాళ్లు ఐస్ హాకీ ఆటగాళ్లు, మంచు లేని రోజుల్లోనూ సాధన చెయ్యాలని వాటి వెంటపడ్డారు. ఆ తేడా మన రోడ్డు మీద కూడా కనిపిస్తుంది. క్వాడ్స్ చక్రం సుమారు 60 మిల్లీమీటర్లు, ఇన్‌లైన్‌ది 80 లేదా ఆ పైన. సముద్రం గాలికి ఇసుక రోడ్డెక్కినప్పుడు, గులకరాయి అడ్డమొచ్చినప్పుడు చిన్న చక్రం టక్కున ఆగిపోతుంది, మనం ఆగం. పెద్ద చక్రం దాటేస్తుంది. క్వాడ్స్ వైపు ఒక మంచి మాట ఉంది: కుక్క పక్కకి లాగినప్పుడు వాటి వెడల్పు నిలబెడుతుంది. రింకులోనో, నున్నటి కాలనీ కోర్టులోనో అయితే నేనూ అవే అంటాను. రోడ్డుకి మాత్రం మడమ బ్రేక్ ఉన్న ఇన్‌లైన్. ఆ బ్రేక్ వెయ్యాలంటే ఒక కాలు ముందుకి చాపి, బరువు వెనక్కి ఉంచి, కొంచెం కూర్చున్నట్టు వంగుతాం. ముందుకి లాగే కుక్కని తట్టుకునే భంగిమ కూడా అదే. చాలామంది కొత్త స్కేట్స్ కొనగానే ఆ బ్రేక్ ఊడదీసేస్తారు, చూసేవాళ్లకి నేర్పరిలా కనిపించాలని. కుక్క ఉన్నంతకాలం దాన్ని ఉండనివ్వండి. కుక్కని తీసుకెళ్లే ముందు సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీసి, ఒంటరిగా ఆ గీత దగ్గర పదికి పదిసార్లు ఆగగలగాలి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు ఎలాగూ ఉండాల్సినవే.

కుక్క పక్కన పరుగెత్తాలా, ముందుండి లాగాలా? ముందుండి లాగడం స్కాండినేవియాలో మంచు మీద పుట్టిన పద్ధతి. ఖాళీ దారిలో అది గొప్ప ఆనందం, కుక్కకి ఇంకా ఎక్కువ. కానీ కుక్క వేగం తగ్గించిన క్షణంలో తాడు వదులై చక్రాల కిందకి వస్తుంది. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లుండే బీచ్ రోడ్డు లాంటి చోట పక్కనే మేలు, మనకంటే అర అడుగు ముందుగా. ఇక్కడ భయపడాల్సింది కుక్క పంజా గురించి. స్కేటింగ్‌లో కాలు పక్కకి తోస్తాం కదా, ఆ తోపు చేరే దూరానికి అవతల కుక్క ఉండాలి. చింటూకి అది నేర్పడానికి స్కేట్స్ లేకుండానే మూడు వారాలు కాళ్లు వెడల్పుగా వేస్తూ నడిచాను. మలుపులకి మాటలు మా తాతయ్య దగ్గర తీసుకున్నాను. ఆయన అరకకి కట్టే జతలో ఎడమదాన్ని దాపటెద్దు, కుడిదాన్ని వలపటెద్దు అనేవారు. చింటూకి "దాప" అంటే ఎడమ, "వల" అంటే కుడి. పొట్టి మాటలు, ఒకదాన్నొకటి పోలవు, వారంలో పట్టేశాడు.

వీధికుక్కలు వెంటపడితే స్కేట్స్ మీద పారిపోవాలని చూడకండి. పారిపోయేదాన్ని అవి ఇంకా తరుముతాయి. ఆగండి, కుక్కని వెనక్కి తీసుకోండి, వాటి కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా వాటి హద్దు దాటండి. రేబిస్ టీకా సమయానికి పడిందో లేదో ముందే చూసుకోండి.

స్కేటింగ్ కొత్త, కుక్కా కొత్త అయితే అసలు కలిపి చెయ్యకండి. దానితో పరుగెత్తండి, అదే నూటికి నూరుపాళ్లు మేలు. సైకిల్‌కి చేతి బ్రేకులున్నాయి గానీ చువ్వల్లో పంజా పడే ప్రమాదం వేరే ఉంది. ఏడాదిన్నర నిండని పెద్ద జాతి కుక్కపిల్లలకి ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి, వాటిని గట్టి రోడ్డు మీద పరుగెత్తించకూడదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఈ ఆట ఎప్పటికీ వద్దు, ఊపిరే చాలదు.

ఎండ విషయంలో నేను ఎవరి మాటా వినను. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. విశాఖ ఉక్కలో నాలుక మీది తడి ఆరదు, ఆ రొప్పుకి ఫలితం ఉండదు. బయలుదేరే ముందు అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు లెక్కపెడతాను. ఓర్చుకోలేకపోతే ఇంటికే. నాలుక ముదురు ఎరుపుకి తిరిగినా, చొంగ చిక్కబడినా, నడక తూలినా వెంటనే నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసురుతూ, డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాలి. మే నెలంతా మా స్కేట్స్ అటక మీదే ఉంటాయి. ఆ నెల చింటూకి నడకే, అదీ ఐదున్నరకి ముందే.