బొంత బ్లాకుల మార్పిడి: ఎవరి గుడ్డ వాళ్ళదా, ఒకే తానుదా, ఇల్లిల్లూ తిరిగే బొంతా… ఏది మేలు?

పన్నెండు మంది జట్టు కడతారు. ఒక్కొక్కరూ ఒకే నమూనాలో 12 బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, కుట్టి, ఒకటి తమకు ఉంచుకుని మిగతా 11 పంచుతారు. చివరికి ప్రతి ఇంట్లోనూ పన్నెండు చేతులు పడిన బొంత ఒకటి తయారవుతుంది. బ్లాకుల మార్పిడి అంటే ఇంతే. కోనసీమలో గానీ, అటు పాలకొల్లు, భీమవరం వైపు గానీ ఇలాంటి జట్టు కట్టాలనుకునేవాళ్ళు ముందు నమూనాల గురించీ రంగుల గురించీ మాట్లాడుకుంటారు. అంతకన్నా ముందు తేలాల్సింది గుడ్డ సంగతి. ఎవరి గుడ్డతో వాళ్ళు కుట్టాలా? నేపథ్యం గుడ్డ, అంటే పూల ముక్కల మధ్య వచ్చే ఒకే రంగు గుడ్డ, మాత్రం ఒకే తాను నుంచి కొని పంచుకోవాలా? లేక బ్లాకులు పంచుకోకుండా, ఒక్కొక్కరి బొంతనే ఇల్లిల్లూ తిప్పి తలా ఒక వరస వేయాలా?

మొదటిసారి కలిసే జట్టుకు రెండోదే మేలు. మిగతా రెండూ చెడ్డవని కాదు. వాటికి తగిన మనుషులు వేరు.

ముందు పావు అంగుళం

మూడు పద్ధతులకూ లెక్క ఒకటే. పూర్తయిన బొంతలో బ్లాకు 12 అంగుళాలు కనిపించాలంటే చేతికి వచ్చే బ్లాకు 12½ అంగుళాలు ఉండాలి. నాలుగు పక్కలా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. తొమ్మిది గళ్ళ నమూనా అయితే ఒక్కో గడి 4½ అంగుళాలకు కత్తిరించాలి. మూడు గళ్ళకు 13½, రెండు కుట్లకు అరేసి అంగుళం పోతే 12½.

జాకెట్లు కుట్టిన చేతికి ఈ పావు అంగుళమే కష్టం. జాకెట్‌కి లోపల ధారాళంగా వదులుతాం, గీత అటూ ఇటూ అయినా ఒంటి మీద సర్దుకుంటుంది. బ్లాకు సర్దుకోదు. కుట్టు 1 మి.మీ. లోపలికి జరిగితే రెండు గుడ్డల మీదా కలిపి 2 మి.మీ. పోతుంది. వరసకు రెండు కుట్లే ఉన్న తొమ్మిది గళ్ళ బ్లాకులో తగ్గేది 4 మి.మీ. అదే వరసకు ఆరు ముక్కలున్న నమూనా అయితే అయిదు కుట్లకు 10 మి.మీ. తగ్గుతుంది. మొదటి మార్పిడికి చిన్న ముక్కల నమూనా వద్దనేది అందుకే.

టేపుల మీదా నమ్మకం పెట్టుకోకూడదు. ఏళ్ళ తరబడి మెడలో వేలాడిన టేపు సాగుతుంది. పన్నెండు టేపులతో కొలిస్తే పన్నెండు రకాల 4½ వస్తాయి. జట్టులో ఒకరు ఒకే స్టీలు స్కేలుతో కొలిచి, పాత ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి 4½ అంగుళాల అచ్చులు పన్నెండు కోసి అందరికీ ఇవ్వాలి. అట్టతో చేస్తే సుద్దముక్క తగిలి తగిలి నాలుగు రోజులకే మూలలు గుండ్రబడతాయి.

మిషను మీద సూదికి కుడిపక్క, సరిగ్గా పావు అంగుళం దూరంలో ప్లాస్టరు టేపు నాలుగైదు పొరలు అంటిస్తే గుడ్డ అంచు దానికి ఆనుకుని నడుస్తుంది. ఆ దూరం సరిపోయిందా లేదా చూడటానికి చిన్న పరీక్ష ఉంది. 1½ అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు కలిపి కుట్టి ఇస్త్రీ చేయండి. మొత్తం 3½ రావాలి, మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం కనిపించాలి. రాకపోతే టేపు జరిపి మళ్ళీ చూడాలి. ఇది తేలేదాకా అసలు గుడ్డ మీద కత్తెర పెట్టవద్దు.

ఎవరి గుడ్డ వాళ్ళదే అయితే

ఖర్చు దాదాపు ఉండదు. అమ్మ కట్టి వదిలిన చీర, పిల్లల గౌన్లు కుట్టగా మిగిలిన ముక్కలు, పేరంటాల్లో వచ్చి బీరువాలో పేరుకున్న జాకెట్ ముక్కలు అన్నీ బయటికి వస్తాయి. ఒక గడిలో బండారులంక నేత చీర, పక్క గడిలో పెడన అద్దకం కనిపిస్తే ఏ ముక్క ఏ ఇంటిదో చెప్పకుండానే తెలుస్తుంది. జ్ఞాపకం కోసం కుట్టే బొంతకు ఇంతకన్నా అందమైన దారి లేదు.

చిక్కంతా ఉతికాక బయటపడుతుంది. శ్రావణ మాసం పేరంటాల్లో చేతులు మారే జాకెట్ ముక్కల్లో చాలావాటిలో పాలిస్టర్ కలిసి ఉంటుంది. నూలుకు పెట్టే వేడికి అవి ముడుచుకుపోతాయి. నీళ్ళలో నూలు కుంచించుకున్నంతగా అవి కుంచించుకోవు. అందుకే ఉతికిన బొంతలో ఒక గడి ఉబ్బి, పక్క గడి బిగుసుకుపోతుంది. అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలు. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. బూడిదా పూసా రెండూ కనిపిస్తే కలిపి నేసిన గుడ్డ. అలాంటి ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

పలచటి చేనేత చీరది ఇంకో సమస్య. పావు అంగుళం కుట్టులోంచి పోగులు జారి, రెండు ఉతుకులకు కుట్టు విడుతుంది. కత్తిరించే ముందు పలచగా గంజి పెట్టాలి, మిషను కుట్లు అంగుళానికి 12 పడేట్టు దగ్గర చేయాలి. గంజి పెట్టిన గుడ్డను వెంటనే కుట్టి, బొంత పూర్తయ్యాక ఉతికేయాలి. డెల్టా తేమలో వానాకాలం అంతా మడిచి ఉంచితే బూజు మచ్చలు పడతాయి, గంజికి పురుగు కూడా చేరుతుంది. పాత చీర అయితే కిటికీకి ఎదురుగా పట్టి చూసి, వెలుతురు ఎక్కువగా దిగేచోటు వదిలేయాలి. అది అరిగిన చోటు, ఇవాళ కాకపోతే రేపు చిరుగుతుంది.

రంగు దిగడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఒకరి ఎర్ర గడి పదకొండు మంది బొంతల్ని పాడుచేయగలదు. ఎరుపు, ముదురు నీలం, నలుపు గుడ్డల నుంచి చిన్న ముక్క కోసి, తెల్లటి గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి అరగంట నానబెట్టాలి. తర్వాత ఆ ముక్కను తడి తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయాలి. మరక పడితే ఆ గుడ్డను ఉతికి మళ్ళీ పరీక్షించాలి. మూడోసారీ దిగితే దాన్ని మార్పిడికి వాడకూడదు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని చాలామంది ధైర్యంగా ఉంటారు. దిగే రంగును ఉప్పు ఆపలేదు.

ఈ పద్ధతి అక్కాచెల్లెళ్ళకూ తోడికోడళ్ళకూ బాగా కుదురుతుంది. ఏ చీర ఎవరిదో తెలిసినవాళ్ళకే ఆ ముక్క విలువ తెలుస్తుంది, పైగా “ఈ గుడ్డ బాగాలేదు, మార్చవే” అని మొహమాటం లేకుండా అనగలుగుతారు. కొత్తగా కలిసిన పన్నెండు మంది మధ్య ఆ మాట ఎవరూ అనలేరు.

నేపథ్యం ఒకే తానుదైతే

తొమ్మిది గళ్ళలో అయిదు ఎవరి పూల గుడ్డ వాళ్ళది, నాలుగు ఉమ్మడి గుడ్డ. పన్నెండు ఇళ్ళ రంగులు పక్కపక్కన పడ్డా, మధ్యలో ఒకే రంగు తిరుగుతూ ఉండటం వల్ల కంటికి గోల అనిపించదు. కుంచించుకోవడం కూడా సగానికి సగం అదుపులోకి వస్తుంది.

ఎంత కొనాలంటే, ఒక్కొక్కరికి 12 బ్లాకులకు నేపథ్యం గళ్ళు 48. గుడ్డ పన్నా (అడ్డం వెడల్పు) 44 అంగుళాలైతే అంచులు పోగా 4½ అంగుళాల పట్టీకి 9 గళ్ళు వస్తాయి. అంటే 6 పట్టీలు, 27 అంగుళాలు. తలా 75 సెం.మీ. ఇస్తే రెండున్నర అంగుళాలు మిగులుతుంది, దాన్ని పారేయవద్దు. పన్నెండు మందికి 9 మీటర్లు, ఉతికితే తగ్గేది కలుపుకుని 9½ మీటర్లు కొనాలి. పన్నా 36 అంగుళాలైతే పట్టీకి 7 గళ్ళే వస్తాయి, తలా 85 సెం.మీ. కావాలి. పూల గుడ్డ ఒకే రకం వాడేవాళ్ళకు 60 గళ్ళకు 85 సెం.మీ. పడుతుంది.

బ్లాకుల మధ్య, చుట్టూ 2 అంగుళాల పట్టీలు వేస్తే 3×4 అమరికలో బొంత 44×58 అంగుళాలు వస్తుంది. ఆ పట్టీలూ అదే గుడ్డతో కావాలంటే ఒక్కొక్కరికి మరో 80 సెం.మీ. పడుతుంది, ముందే లెక్కలో చేర్చాలి. నెల తర్వాత వెళ్ళి అదే మీగడ రంగు అడిగితే ఇంకో తాను తీసి ఇస్తారు. పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాజమండ్రి తాడితోట లాంటి హోల్‌సేల్ బట్టల మార్కెట్‌లో ఒక్క తాను నుంచే మొత్తం తీసుకోవడం సులువు. నూటికి నూరు పాళ్ళు నూలు పాప్లిన్ అడగండి, కొనేముందు అక్కడే నాలుగు పోగులు లాగి తెచ్చుకుని కాల్చి చూడండి. రంగు మీగడదో లేత గోధుమదో అయితే మంచిది. తెల్లటి తెలుపు మీద ప్రతి మరకా, ప్రతి బూజు చుక్కా కనిపిస్తుంది.

గుడ్డ మొత్తాన్నీ కొన్నవాళ్ళే ఒకేసారి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంచాలి. ఎవరికి వాళ్ళు ఉతుక్కుంటే ఒకరు వేడినీళ్ళలో ఉతుకుతారు, ఇంకొకరు ఉతకకుండానే కోస్తారు. వాటాలు కత్తెరతో కాకుండా చింపి తీయాలి. పాప్లిన్ అడ్డంగా పోగు వెంటే చిరుగుతుంది కాబట్టి గళ్ళు క్రాసు పోవు. క్రాసు పోయిన గడి ఇస్త్రీ కింద సాగి, బ్లాకు ఒక మూల కోసుగా వస్తుంది.

ఇందులో ఉన్న బరువంతా ఒకరి మీద పడుతుంది. డబ్బు ముందు పెట్టడం, మార్కెట్‌కి వెళ్ళడం, ఉతకడం, పంచడం అన్నీ ఆ ఒక్కరే చేయాలి. గుడ్డ కొనకముందే తలా వాటా డబ్బు వసూలు చేయడం మర్యాద తక్కువేమీ కాదు. ఆ మనిషికి మిగిలిన ముక్కలన్నీ వదిలేయడం న్యాయం.

తిరిగే బొంత

అయిదుగురు చాలు. ఒక్కొక్కరూ 12½ అంగుళాల నడిమి బ్లాకు కుట్టి పంపుతారు. తర్వాతివాళ్ళు 3½ అంగుళాల పట్టీలు కోసి చుట్టూ ఒక వరస వేస్తారు. కుట్టాక వరసకు 3 అంగుళాలు, నలుగురూ వేసేసరికి 36 అంగుళాల చదరం అవుతుంది. పనితనం చూపించడానికి దీన్ని మించింది లేదు, ఒకే నమూనా పన్నెండుసార్లు కుట్టే విసుగూ ఉండదు.

కానీ తప్పులు పోగుపడతాయి. పట్టీని పొడుగ్గా ఉంచి కుట్టుకుంటూ పోయి చివర మిగిలింది కోసేస్తే అంచు అలలు తిరుగుతుంది. బొంత అంచును కాకుండా నడుమ కొలిచి, పట్టీని ఆ పొడవుకే కోసి, మధ్యా చివరలూ కలిపి కచ్చాకుట్టు వేశాకే మిషను ఎక్కించాలి. మొదటి వరసలో అల వస్తే తర్వాతి ముగ్గురూ దాన్ని దాచలేరు. ఒకరింట్లో పెళ్ళి వస్తే అయిదు బొంతలూ వరసలో ఆగుతాయి. ఒక మార్పిడి అయినా కలిసి చేసి, ఒకరి చేతి మీద ఒకరికి నమ్మకం కుదిరినవాళ్ళకే ఇది.

ఎప్పుడు, ఎలా పంపాలి

సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి ఉగాదికి ముగించడం మంచిది. ఎండ ఉంటుంది, గుడ్డ ఆరుతుంది, తుఫాను భయం ఉండదు. నూలు బ్లాకు ఒకటి సుమారు 15 గ్రాములు, పన్నెండు కలిపినా 180 గ్రాములే కాబట్టి పంపడం భారం కాదు. స్పీడ్ పోస్టు గానీ, ఆర్టీసీ పార్సిల్ గానీ సరిపోతుంది. వీలైతే అందరూ రావులపాలెంలో ఒక పూట కలవడం ఇంకా మేలు. అమలాపురం నుంచీ, తణుకు నుంచీ, రాజమండ్రి నుంచీ బస్సు ఉంటుంది, బ్లాకులు అక్కడికక్కడే కొలిచి చూసుకోవచ్చు.

ఇస్త్రీ వేడి పూర్తిగా చల్లారాకే ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. లోపల ఆవిరి చిక్కితే రెండు వారాలకే మచ్చలు పడతాయి. పేరు చీటీని గుండుసూదితో గుచ్చవద్దు. అంతర్వేది, నరసాపురం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో సూది తుప్పు పట్టి గుడ్డ మీద చుక్క మిగులుతుంది. దారంతో రెండు టాకాలు వేస్తే చాలు. నరసాపురం లేసు ముక్క బ్లాకు మీద కుట్టి పంపాలన్న ముచ్చట ఉన్నవాళ్ళు దాన్ని తమ బొంత అంచుకు దాచుకోవాలి. బ్లాకు మీద అది ఇస్త్రీకీ కుట్టుకీ అడ్డం పడుతుంది.

బ్లాకులు చేరాక లోపల పెట్టడానికి కొన్న దూది పొర అక్కర్లేదు. మన ఉక్కకు, పాత బొంతల్లో వేసినట్టు, మెత్తబడిన నూలు చీరలు రెండు పొరలు వేస్తే హాయిగా ఉంటుంది.

ఇక కొలత తగ్గి వచ్చిన బ్లాకు సంగతి. రెండు మూడు మి.మీ. అయితే కుట్టేటప్పుడు కొద్దిగా లాగి సర్దవచ్చు. అర అంగుళం తగ్గితే కుట్టినవాళ్ళను అడగాలి: “వదినగారూ, బ్లాకు చాలా బాగుంది, కాకపోతే పన్నెండే వచ్చింది. పట్టీ మీరు వేస్తారా, నన్ను వేసుకోమంటారా?” 12 అంగుళాల బ్లాకుకు నాలుగు పక్కలా 1 అంగుళం వెడల్పు పట్టీలు కుడితే 13 అవుతుంది, సమంగా కోసి 12½కు తెచ్చుకోవచ్చు. బొంతలో అది పావు అంగుళం సన్నటి చట్రంలా కనిపిస్తుంది. ఒక బ్లాకుకు కావాల్సింది 1 అంగుళం పట్టీలు రెండు పన్నాలు. 75 సెం.మీ. వాటాలో మిగిలిన ఆ రెండున్నర అంగుళాల్లోంచి సరిగ్గా అవే వస్తాయి.