108 ముక్కల సెట్టు, విడిగా కొన్న 17 నంబరు సాకెట్: ఏరేటర్ల కాడ నాలుగేళ్ళ అనుభవం

ముందే చెప్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేసుకునేవాణ్ణి. ఏరేటర్లు (గుంట నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు) పదకొండు, ఒక డీజిల్ ఇంజను, ఒక ముసలి ట్రాక్టరు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "వస్తన్నా అన్నా" అంటాడు, వస్తాడు కూడా, కానీ ఆయన వచ్చేదాకా గుంట ఆగదు కదా. అట్లా స్పానర్లు పట్టుకోవడం అలవాటైంది. రోజూ పది బండ్లు విప్పే షెడ్డు వాళ్ళకు నేను చెప్పేది చాదస్తంగా అనిపించొచ్చు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టుతో రాత్రిపూట కుస్తీ పట్టేవాళ్ళకు మాత్రం పనికొస్తుంది.

2021 చివర్లో ఆన్‌లైన్‌లో 108 ముక్కల సాకెట్ సెట్టు, అంటే బోల్టు తల మీద తొడిగి తిప్పే గొట్టం ముక్కలు సైజుకొకటి ఉండే పెట్టె, తెప్పించా. కంపెనీ పేరు చెప్పను, ఆ రేటులో దొరికే సెట్లన్నీ ఇంచుమించు ఒకే రకం. పెట్టె తెరిస్తే పెళ్ళివారి వెండి సామానులా మెరిసింది. ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టా, మా తోడల్లుడు చూసి తనూ ఒకటి తెప్పించుకున్నాడు, ఆ పాపం నాదే. ఏడాదిన్నర పాటు ఎవరు అడిగినా ఇదే కొనమని చెప్పా. అప్పుడు చెప్పింది అబద్ధమేం కాదు. బండి చైను బిగించా, ట్రాక్టరు బ్యాటరీ టెర్మినళ్ళు విప్పా, పంపుసెట్టు ఫుట్‌వాల్వ్ మార్చా, దేనికీ ఇబ్బంది పడలేదు. కాకపోతే ఇప్పుడు వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది, ఆ ఏడాదిన్నరలో నేను విప్పినవన్నీ విప్పితే రావడానికి సిద్ధంగా ఉన్న బోల్టులే.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు ఏరేటర్లు గట్టు మీదికి లాగి పడేశాం. వాన వెలిసింతర్వాత కడిగి, గ్రీజు పూసి పెట్టాల్సింది. పెట్టలేదు. అది నా బద్ధకం, దాన్ని ఏ సెట్టు మీదా రుద్దను.

ఏప్రిల్‌లో అసలు కథ. వనామీ రకం రొయ్య, డెబ్బై రోజుల పంట. రాత్రి రెండున్నరకి మా గుంటల కాడ ఉండే అబ్బాయి ఫోన్ చేశాడు, "మూడో గుంటలో ఒక ఏరేటర్ ఆగిపోయింది, మోటారు మూలుగుతా ఉంది" అని. స్టార్టర్ కట్టేయమని చెప్పి పోయి చూస్తే గేర్‌బాక్స్ పట్టేసింది. నిజానికి టెన్షన్ పడాల్సిన పనే కాదు, షెడ్డులో కొత్త గేర్‌బాక్స్ ఉంది, మార్చితే అరగంట. కానీ ఆ అరగంట ఏ వేళలో అన్నదే సమస్య. రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారే ముందే డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే కిందికి పడుతుంది. నాలుగు పీపీఎం పైన ఉంచాలని మాకు చెప్తారు, ఆ వేళలో ఒక ఏరేటర్ ఆగినా ఎంతుందో మీటరు పెట్టి చూడాలంటేనే భయం.

తాడేసి ఏరేటర్‌ని గట్టు వారకి లాగాం. మోటారు బోల్టులు 13వి (నంబరంటే బోల్టు తల కొలత, ఎంఎంలో), చక్కగా వచ్చాయి. గేర్‌బాక్స్‌ని ఫ్రేముకి పట్టే నాలుగు బోల్టులు 17వి. అబ్బాయి సెల్‌ఫోన్ లైటు పట్టుకొని సాకెట్ అందించాడు, ఒకవైపే పట్టుకొని తిప్పే పిడి ఉంటుందే, ఆ రాట్చెట్‌కి తగిలించి తిప్పా. మూడు కిర్రుమంటూ వచ్చాయి. నాలుగోది ముందు కదల్లేదు, ఇంకాస్త బలం పెట్టా, "టక్" మంది. వచ్చేసిందిరా అనుకున్నా. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. లైటు దగ్గరికి తెచ్చి చూస్తే బోల్టు తల మీద తుప్పు గీరుకుపోయి మూలల దగ్గర తెల్లగా మెరుస్తోంది, సాకెట్ లోపల వెండి రజను. ఆరు మూలలుండాల్సిన తల గుండ్రంగా, నున్నగా తయారైంది. మూడోసారి మొత్తం బరువేసి తిప్పినప్పుడు సాకెట్ జారి నా పిడికిలి పోయి ఫ్రేముకి గుద్దుకుంది. ఆ బొటనవేలి గోరు రెండు నెలలు నల్లగానే ఉంది.

ఇక ఉలి, సుత్తి. గ్యాస్ పెట్టి కాలుద్దామంటే కింద ప్లాస్టిక్ ఫ్లోటు. డీజిల్ పోసి కాసేపు ఆగుదామంటే ఆగే టైము లేదు. ఒకవైపు అబ్బాయి గుంటలో ఆక్సిజన్ పొడి చల్లుతూ ఉన్నాడు, ఇంకోవైపు నేను పక్కకు వంగి బోల్టు తలని ఉలితో కొడుతూ ఉన్నా, అది తెగేసరికి నాలుగు దాటింది. కొత్త గేర్‌బాక్స్ ఎక్కించి ఏరేటర్ తిరిగేటప్పటికి తూర్పు తెల్లబడుతోంది. గట్టు వారన కొన్ని రొయ్యలు తేలాయి, పెద్ద నష్టమేం కాలేదు, కానీ మూడు రోజులు మేత సరిగా తినలేదు, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తినప్పుడల్లా మిగిలిన మేత కనపడితే ఆ సాకెట్ గుర్తొచ్చి కడుపు మండేది.

ఎందుకు జారిందో పగలు కూర్చొని చూశా. ఆ సెట్టులో సాకెట్లన్నీ పన్నెండు పాయింట్లవి. లోపల నక్షత్రంలా పన్నెండు పళ్ళుంటాయి, బోల్టుకి ఉండేది ఆరు మూలలే. పన్నెండు పాయింట్లదైతే ముప్పై డిగ్రీలు తిప్పగానే మళ్ళీ కూర్చుంటుంది, ఆరు పాయింట్లదానికి అరవై డిగ్రీలు కావాలి, ఇరుకు చోట్ల అది పెద్ద సౌకర్యమే, రింగు స్పానర్లు పన్నెండు పాయింట్లతో వచ్చేది అందుకే. కానీ పన్నెండు పాయింట్లది బోల్టుని సరిగ్గా మూల దగ్గరే, సన్నటి అంచు మీద పట్టుకుంటుంది. కొత్త బోల్టుకి చాలు. తుప్పు తినేసిన తలకి ఆ మూలే ఉండదు, ఇక దేన్ని పట్టుకుంటుంది? ఆరు పాయింట్లదైతే మూలకి ఇవతల, పలక మీద ఎక్కువ మేర ఆనుకుంటుంది. అదీ తేడా.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. వారం తర్వాత సాకెట్లు తుడిచి పెట్టెలో సర్దుతుంటే 17 నంబరు దాని గాడిలో దానికదే శుభ్రంగా ఉంది. రజను ఉన్నది పక్క వరసలోని 11/16 లో. అంటే ఆ రాత్రి చీకట్లో వేసింది అంగుళాల సాకెట్. లెక్క వేస్తే 11/16 అంగుళం దగ్గర దగ్గర 17.5 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు వదులు! చేత్తో పెట్టినప్పుడు బాగానే కూర్చున్నట్టు ఉంటుంది, మొండి బోల్టు మీదే అసలు సంగతి బయటపడుతుంది. అందించింది అబ్బాయి, చూడకుండా వేసింది నేను. కాబట్టి సెట్టుని తిట్టినదాంట్లో సగం వెనక్కి తీసుకోవాలి. పూర్తిగా మాత్రం తీసుకోను. తర్వాత ఒక పాత ఫ్రేము మీద తుప్పు బోల్టుకి అసలు 17 వేసి చూశా, నిదానంగానైనా అదీ జారింది. అసలు ఎంఎం, అంగుళాలు రెండూ పక్కపక్కనే ఒకే పెట్టెలో, కళ్ళజోడు లేకపోతే కనపడనంత చిన్న అక్షరాలతో ఎందుకు పెట్టాలి? 108 అని పెట్టె మీద పెద్ద అంకె వేసుకోవడానికి. నాకు అక్కరలేని ముక్కలే అందులో సగం పైన.

నెల్లూరు పోయినప్పుడు హార్డ్‌వేర్ షాపులో ఇంకో పెద్ద సెట్టు అడిగా. కౌంటర్ మీదున్న పెద్దాయన సెట్టు తీయకుండా, "ఏం తిప్పుతావబ్బయ్యా?" అన్నాడు. ఏరేటర్లు అన్నా. "దాంట్లో ఎన్ని సైజుల బోల్టులుండాయి?" అంటే నోట మాట రాలేదు. ఇన్నాళ్ళుగా విప్పుతున్నా, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. "పో, లెక్కబెట్టుకోని రా" అన్నాడు. పోయి లెక్కపెట్టా. 10, 13, 17, 19. నాలుగంటే నాలుగే. ట్రాక్టరుతో కలిపితే 24 ఒకటి. మరుసటి వారం పోయి ఆ ఐదూ విడిగా, 1/2 అంగుళం డ్రైవ్‌లో (హ్యాండిల్ తగిలించే చదరపు కంత కొలత), ఆరు పాయింట్లవి, గోడ మందంగా ఉండే మిషన్‌తో కొట్టి తిప్పినా తట్టుకునే నల్లటి ఇంపాక్ట్ రకం తీసుకున్నా, వాటితోపాటు ఒక పొడుగు హ్యాండిల్. అన్నీ కలిపినా సెట్టుకి పెట్టినదానికంటే తక్కువే అయింది.

ఆ రోజు చేసిన మంచి పని ఇంకోటుంది, చొక్కా జేబులో కొత్త 17 బోల్టు ఒకటి వేసుకొని పోవడం. షాపులోనే సాకెట్‌లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశా. ఒకే సైజు, మూడు కంపెనీలవి, మూడు రకాల వదులు. ఒకటైతే లొడలొడలాడింది, దాని మీద కూడా క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని అచ్చు గుద్దే ఉంది, అచ్చుకి ఖర్చేముంది. వెలుతురుకి పెట్టి లోపల కూడా చూడండి. మూతి దగ్గర లోతుగా ఏటవాలు కోసి ఉంటే సన్నటి నట్టుల మీద పట్టు తగ్గుతుంది, సాకెట్ కూర్చున్నట్టే ఉంటుంది గానీ పట్టేది సగమే.

దాదాపు రెండేళ్ళు అయింది. ఈ 17 నంబరు ఒక్కసారీ జారలేదు. అంటే బోల్టులన్నీ వచ్చాయని కాదు, రెండు తెగాయి. తల గుండ్రమై చేతికి దొరక్కుండా పోవడం కంటే తెగిపోవడమే నయం, తెగితే కొత్తది వేసుకుంటాం, పని అయిపోతుంది. ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, "టిక్" అన్నాక విప్పే వైపు తిప్పడం కూడా అలవాటు చేసుకున్నా, తుప్పు పట్టు వదలడానికి అది బాగా పనికొస్తోంది. మొదటిసారి ఒక మొండి బోల్టు ఈ సాకెట్‌తో గట్టిగా మూలిగి, నిదానంగా కదిలినప్పుడు చేతికి తెలిసిన ఆ పట్టు ఉంది చూశారా, ఇంట్లో చెప్తే నవ్వారు గానీ, ఆ రోజంతా హుషారుగా ఉన్నా.

మరీ మోసేస్తున్నానేమో, లోపాలు కూడా చెప్తా. నల్ల పూత ఉప్పుగాలికి ఆగదు. మొదటి నెలలో గుంట కాడ ఉత్త సంచిలో వదిలేస్తే వారానికే ఎర్రబడ్డాయి, ఇప్పుడు పాత ఇంజన్ ఆయిల్‌లో తడిపిన గుడ్డలో చుట్టి పెడుతున్నా. ఈ విషయంలో మెరిసే క్రోమ్ సాకెట్లే మేలు, ఆ క్రోమ్ పెచ్చులూడేదాకా అయినా. గోడ మందం కాబట్టి లోతైన గుంతలో ఉండే బోల్టుల్లోకి దిగవు, మోటారు వెనక ఒక 13 కి ఇప్పటికీ రింగు స్పానరే దిక్కు. బరువు కూడా ఎక్కువే, నీళ్ళలో పడితే బురదలోకి దిగిపోతుంది. 10 నంబరు అట్లా ఒకటి పోయింది, మళ్ళీ కొన్నా.

రాట్చెట్ గురించి ఎక్కువ చెప్పను. సెట్టుతో వచ్చినది పైపు తొడిగి తిప్పితే పళ్ళు రాలాయి, రాట్చెట్‌కి పైపు తొడగకూడదని తర్వాత తెలిసింది. పట్టు వదిలించడానికి పొడుగు హ్యాండిల్, వదిలాక తిప్పడానికి రాట్చెట్. తర్వాత 72 పళ్ళది కొన్నా, ఐదు డిగ్రీలకే పట్టుకుంటుంది, ఫ్లోటు పక్కన ఇరుకులో హాయి. కాకపోతే ఇసుక దూరితే మొరాయిస్తుంది, గట్టు మీద పెట్టేవాళ్ళకి ఇది గుర్తుండాలి.

ఇంకో మెలిక ఈ మధ్యే తెలిసింది. పోయిన ఏడాది కొన్న రెండు ఏరేటర్లకు అదే లావు బోల్టుకి తల 17 కాదు, 16. పాత కొలతలో 10 ఎంఎం బోల్టుకి 17 తల, కొత్త కొలతలో 16, అట్లాగే 12 ఎంఎం దానికి 19 బదులు 18. నేనింతగా పొగుడుతున్న 17 నంబరుని ఆ 16 మీద పెడితే మళ్ళీ పాత కథే, ఇంకా ఘోరంగా. కాబట్టి మీ గుంట కాడ పోయి లెక్కపెట్టుకోండి, నా లిస్టు నకలు కొట్టొద్దు.

ఇంట్లో ఒక బండి, ఒక కారు ఉండి, ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచేవాళ్ళకు ఆ మెరిసే సెట్టే సరిపోతుందేమో. మా తోడల్లుడు ఇప్పటికీ అదే వాడుతున్నాడు, ఒక్క మాట అనడు, ఆయనది కావలిలో మేడ ఇల్లు, ఉప్పుగాలి తగిలేది బీచికి పోయినప్పుడే. వర్క్‌షాపు పెట్టేవాళ్ళు నా మాట వినాల్సిన పనే లేదు, వాళ్ళకు అన్ని సైజులూ కావాలి. నాకైతే ఐదు సాకెట్లు చాలాయి, వచ్చే నెల రొయ్యల పట్టుబడి అయ్యాక 16, 18 కూడా చేరుస్తా. రేటు బాగుంటే 16 లో పొడుగు సాకెట్. ఆ 11/16 మాత్రం ఇంకా ఉంది, మూడో గుంటలో చెక్ ట్రేకి బరువుగా కట్టా.