సెమీ సింథటిక్ కటింగ్ ఆయిల్: నాలుగేళ్లు వాడాక

బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు. ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్), ఒక సీఎన్‌సీ లేత్. ఎక్కువగా అల్యూమినియం 6061, ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304, అప్పుడప్పుడు ఇత్తడి. లోహం కోసేటప్పుడు వేడి, రాపిడి తగ్గడానికి కటింగ్ ఆయిల్ పోయాలి. మొదట్లో చవకని, నీళ్లలో కలిపే మామూలు సాల్యుబుల్ ఆయిలే పోసేవాళ్లం. సోమవారం షట్టర్ ఎత్తితే కుళ్లిన గుడ్ల కంపు! స్లైడ్‌వేల (మెషీన్ భాగాలు జారే పట్టాల) నుంచి కారిన నూనె ట్యాంకు మీద పొర కడుతుంది. ఆదివారమంతా పంపు తిరగదు, లోపలికి గాలి అందదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియాకి అంతకన్నా ఏం కావాలి? చవక అనుకున్నదంతా ట్యాంకు కడగడానికే పోయేది.

విసుగొచ్చి నీళ్లు కలపని నీట్ ఆయిల్‌కి మారాం. ట్యాపింగ్‌లో (రంధ్రం లోపల మరలు కోయడంలో) దానికి తిరుగులేదు. కానీ నూనె నీళ్లంతగా వేడిని లాగదు. ఒకసారి అల్యూమినియంలో 20హెచ్7 బోర్లు (20 మిల్లీమీటర్ల కచ్చితమైన రంధ్రాలు) తీశాం. వేడి మీద కొలిస్తే గో గేజ్ (రంధ్రం మరీ చిన్నది కాకపోతే దిగే కొలత కడ్డీ) హాయిగా దిగింది. మర్నాడు పొద్దున సగం పార్టుల్లో దిగనే లేదు. 20 మిల్లీమీటర్ల అల్యూమినియం 20 డిగ్రీలు చల్లబడితే 9 మైక్రాన్లు తగ్గుతుంది, ఉన్న టాలరెన్సే (సైజులో ఒప్పుకునే తేడా) 21. పైగా నీట్ ఆయిల్‌లోని గంధకం వల్ల ఇత్తడి పార్టులు నల్లబడ్డాయి. ఆ లాటు పాలిష్ చేయించే సరికి లాభం ఆవిరైంది.

అలా సెమీ సింథటిక్ (సాల్యుబుల్ ఆయిల్ కన్నా నూనె తక్కువ ఉండే రకం) దగ్గర ఆగాం. నీళ్లలో 8 శాతం కలుపుతాం. ముందు నీళ్లు, తర్వాత ఆయిల్. తిరగేసి పోస్తే విరిగిన పాలలా అవుతుంది (ఒకసారి అయింది). బోరు నీళ్లు పనికిరావు. మాకొచ్చేవి బాగా కఠినం, ట్యాంకు అంచున సబ్బు తెట్టు కట్టేది. ఆర్వో నీళ్లకి మారితే తెట్టు పోయింది గానీ మొదటి వారం నురగ పొంగింది, తర్వాత దానంతటదే తగ్గింది. రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఆయిల్ శాతం చూసే పరికరం) మాత్రం తప్పనిసరి. అందులో కనిపించే అంకెని డబ్బా మీదున్న ఫ్యాక్టర్‌తో గుణించాలి. ఆ సంగతి తెలియక కొన్నాళ్లు 12 శాతం నడిపాం, మా ఆపరేటర్ చేతులు దురదలు పెట్టాయి. ఆవిరయ్యేది ఎక్కువగా నీళ్లే కాబట్టి, తగ్గినప్పుడు 3 శాతం పలచగా కలిపి పోస్తాం. పీహెచ్ 9 దగ్గర ఉంటే టెన్షన్ లేదు; 8.5 కిందికి జారితే కంపు మొదలవుతుందని అర్థం.

లీటరు ధర ఎక్కువే. కానీ ఇప్పుడు ట్యాంకు కడిగేది ఏడాదికోసారి. రోజూ పొద్దున పైనున్న నూనె పొర తీసేయడం మాత్రం మానకూడదు.

ఒక్క లోటుంది. ఎస్‌ఎస్‌లో ఎం3 (3 మిల్లీమీటర్ల మర) ట్యాపింగ్ దీంతో అవదు, ట్యాపులు విరుగుతాయి. అక్కడ కూలెంట్ (ఈ సెమీ సింథటిక్ ధార) ఆపి, పాత నీట్ ఆయిల్‌నే బ్రష్‌తో రాస్తాం. ఇత్తడి పని ఉన్న రోజు ఆ డబ్బా బల్ల మీద కనిపించకూడదని చెప్పి పెట్టాను.